ఊరికే పరిగెడుతున్నాడు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోసే మనిషిని. మా ఇంట్లో నేను చెప్పిన ఏ సంగతినైనా నాలుగుతో భాగించి వింటారు. మా ఆవిడ ఎనిమిదితో భాగిస్తుంది. మీరూ మీ ఓపికను బట్టి తగ్గించుకుని చదువుకోండి. పూర్తిగా కల్పించిన ముక్క ఏదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. మిగతాదంతా కాస్త ఉబ్బిందేగానీ జరిగిందే.

ప్రత్తిపాడుకీ పర్చూరుకీ మధ్య రోడ్డు మీదే మా ఊరు. అక్కడ నాకో పురుగుమందుల కొట్టుంది. ఇరవయ్యేళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని పొట్టని పత్తి కుక్కిన గోనె బోరెమంత చేసుకున్నాను. నిరుడు డాక్టరుగారు నడవమన్నారు. నేను ఏదీ చిన్నగా చేసే రకం కాదు కదా, పరుగు మొదలుపెట్టాను. అక్కడితోనైనా ఆగానా? వేటపాలెం దగ్గర సముద్రపు ఒడ్డున ఇరవయ్యొక్క కిలోమీటర్ల పరుగు పోటీ ఉందంటే పేరిచ్చేశాను.

మా ఆవిడ షరతు పెట్టింది. "అక్కడికెళ్ళి పడిపోతే ఆ ఇసకలోంచి మిమ్మల్ని లాక్కురావడం నా వల్ల కాదు. ముందు మన రోడ్డు మీద అంత దూరం ఆగకుండా పరిగెత్తి చూపించండి. చూపిస్తే పోటీకి పోండి. లేదంటే ఆ బూట్లు అటకెక్కిస్తా."

పోటీకి ముందు మూడు ఆదివారాలున్నాయి.

పరుగులో మంచిరోజులూ చెడ్డరోజులూ ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. రాత్రి అదే జొన్నరొట్టె తిని, అదే మంచం మీద, అవే తిట్లు విని పడుకుంటాను. ఒక పొద్దున లేస్తే కాళ్ళు నేల మీద ఆనవు. ఇంకో పొద్దున అవే కాళ్ళు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంటాయి. అదీ ఒకటి ఒకరి దగ్గరా, రెండోది ఇంకొకరి దగ్గరా. కారణం కోసం వెతకని చోటు లేదు. పెసరట్టుని అనుమానించాను. దిండుని అనుమానించాను. పురుగేదో తెలీకుండా మందు మీద మందు కొట్టే రైతులాగా, రోజుకొకటి మానేస్తూ వచ్చాను. పెసరట్టు పోయింది, దిండు పోయింది, చెడ్డరోజులు మాత్రం ఎక్కడికీ పోలేదు.

పోనీ కాళ్ళతో ఎలాగో సర్దుకుందామంటే, రోడ్డుతో వచ్చింది అసలు తంటా. మా వైపు పెద్దమనిషనేవాడు తెల్లారగట్ల రోడ్డు మీద పరిగెడుతున్నాడంటే ఎక్కడో ఏదో మునిగిపోయిందనే అర్థం.

మొదటి ఆదివారం మంచిరోజు. రెండువైపులా పత్తిచేల మీద మంచు. నేను గాలి మీద పోతున్నాను. మిరపకోతకి పోయే కూలీల ఆటోని దాటేశాను కూడా. ఆటోలో సగం ఊరు ఎక్కి ఉంది కాబట్టి అదేమంత గొప్ప కాదుగానీ, దాటడం దాటడమే. అందులోంచి ఒకావిడ అరిచింది.

"ఓయమ్మో, మందుల కొట్టు బాబుగారే! ఎవురికేమైందండీ?"

ఊపిరి పీల్చుకునే పనిలో ఉండి చెయ్యి ఊపాను. ఆ ఊపుడుకి వాళ్ళు ఏం అర్థం తీశారోగానీ, నాకంటే ముందు ఫోన్లో కబురు పక్క ఊరు చేరిపోయింది. అక్కడ రోడ్డుకి అడ్డంగా అరడజను మోటారు సైకిళ్ళు. మా కొట్టుకొచ్చే పెద్దాయనొకడు నా భుజాలు పట్టుకుని ఆపేశాడు.

"గుండె దిటవు చేసుకోండి. ఎవరు? మీ మామగారేనా?"

"ఎవరూ పోలేదండీ. ఊరికే పరిగెడుతున్నా."

"ఊరికేనా?" పెద్దాయన అంత నిరాశపడ్డం నేనెప్పుడూ చూడలేదు. "గేదెకి పాలు తీస్తా తీస్తా వదిలేసొచ్చాంగదండీ!"

ఆయనకి క్షమాపణ చెప్పి, టీ తాగించి, ఆయన గేదెని పరామర్శించి వచ్చేసరికి ఎండెక్కింది. మధ్యాహ్నం మా మామగారికి పదకొండు ఫోన్లట. ఆయనే ఎత్తి, "ఇంకా లేదండీ" అని చెప్పుకోవాల్సొచ్చిందట.

రెండో ఆదివారం చెడ్డరోజు. రాత్రి వాన పడింది. లారీకి దారిచ్చి రోడ్డు దిగాను. దిగినప్పుడు నేనొక్కణ్ణే దిగాను, ఎక్కేటప్పుడు నాతోపాటు నేల కూడా ఎక్కింది. బూటుకి అరెకరం చొప్పున నల్లరేగడి. అందులో పత్తి వేస్తే రెండు తీతలు తియ్యొచ్చు. ఆ ఎకరం మోసుకుంటూ ఈడుస్తుంటే వెనకనుంచి మోటారు సైకిలు మీదొచ్చిన ఒక రైతు బండి నెమ్మది చేశాడు.

"ఎక్కండి, దించేస్తా."

"వద్దండీ."

"మొహమాటమెందుకండీ?"

"పరిగెడుతున్నానండీ!"

"కనపడతానే ఉందిగా. అందుకేగా ఎక్కమంటుంది!"

మా వైపు బండెక్కమంటే వద్దనడం అంత తేలిక కాదు. వడ్డించిన విస్తరి ముందునుంచి లేచిపోయినట్టు చూస్తారు. అతను పక్కనే నడుపుతూ జేబులోంచి మిరపకొమ్మ తీశాడు.

"సరే, పరిగెడతానే చూడండి. పూతలో ఈ నల్లవేంటి?"

"తామరపురుగు."

"మొన్న మీరిచ్చిన మందే కొట్టా. పురుక్కి ఇంకా బలమొచ్చింది."

ఆ మాటకి ఏ మందుల కొట్టువాడైనా ఆగుతాడు. ఆగాను. వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ ఆ కొమ్మని చూస్తున్నాను. సరిగ్గా అప్పుడే కూలీల ఆటో వచ్చింది.

"బాబుగారికి గుండెపోటు!"

నన్నెత్తి ఆటోలో వేశారు. ఒకావిడ కొంగుతో విసురుతోంది, ఒకావిడ నోట్లో నీళ్ళు పోస్తోంది.

"నాకేం కాలేదమ్మా…"

"మాట్టాడమాకండి. ఆయాసం ఎక్కువవుద్ది."

"అది కాదు…"

"మాట్టాడమాకండంటే!"

ఇంటి ముందు దించి, మా ఆవిడకి అప్పజెప్పి, జాగ్రత్తలు చెప్పి మరీ వెళ్ళారు. బాగా పరిగెడితే ఎవరో పోయారంటారు. పరిగెత్తలేకపోతే నేనే పోతున్నానంటారు. ఇలాంటి రోడ్డు మీద మనిషి ఎలా తయారవ్వాలి?

మా ఆవిడ నవ్వడం అయ్యాక, "వచ్చే ఆదివారం స్కూటీ మీద నేను ముందు పోతాలెండి" అంది.

అన్నట్టే మూడో ఆదివారం, మంత్రిగారికి ముందు పోయే పోలీసు జీపులాగా బయల్దేరింది. చేలగట్ల మీదివాళ్ళకి, టీ బడ్డీల్లోవాళ్ళకి, ఆటోలోవాళ్ళకి ఒకటే చెప్పింది. "వెనకాల మా ఆయన వస్తన్నారు. ఎవరికీ ఏం కాలేదు. ఊరికే పరిగెడతన్నారు. ఆపకండి, బండెక్కించుకోకండి."

ఆ రోజే ఖర్మ కాలి చెడ్డరోజు. మామూలు చెడ్డది కూడా కాదు. ఊరి పొలిమేర దాటకముందే కాళ్ళు రెండూ నాకు దండం పెట్టేశాయి. సగం దూరంలో ఇక చాలనుకుని వచ్చే బండికల్లా చెయ్యెత్తాను.

"అమ్మగారు ఎక్కించుకోవద్దన్నారండీ!" అని ఒకడు వేగం పెంచాడు. మిరపకొమ్మ రైతు దొరికితే బతిమాలాను. "ఒక్క కిలోమీటరేనయ్యా."

"బాబోయ్, రేపు కొట్లో ఆవిడ కూర్చుంటే నాకు మందివ్వదు."

కూలీల ఆటో కూడా ఆగలేదు. "పరిగెత్తండి బాబుగారూ, మీరు అడగలా, మేం ఇనలా!" అని కేకేసి పోయారు. ఎక్కించుకునే దిక్కులేక పరిగెత్తాను. మేతకి పోయే గేదె నన్ను దాటి, వెనక్కి తిరిగి చూసి మరీ పోయింది.

ఇల్లు చేరేసరికి మా ఆవిడ గేటు దగ్గరుంది. "ఆగారా?"

"ఆపేవాడుంటేగా!"

ఎగాదిగా చూసింది. "దీన్ని పరుగంటారని నాకు తెలీదు. సరే, మాటంటే మాటే. పోండి మీ పోటీకి."

ఇక ఒప్పుకోవాలి. నన్ను దాటిన గేదె నిజం. మామగారి ఫోన్లు నిజమే, పదకొండు కాదు, రెండు. కల్పించింది మూడో ఆదివారం లిఫ్టుల సంగతి. నాకేం కాలేదని మాత్రమే మా ఆవిడ చెప్పింది. ఎక్కించుకోవద్దని ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దున నన్ను దాటబోయిన ప్రతి బండీ ఆగింది. ఆటోలో వాళ్ళు సర్దుకుని చోటు కూడా చేశారు. వద్దన్నది నేనే. మాట రానప్పుడు చెయ్యి అడ్డంగా ఊపాను. అంత చెడ్డరోజున, అంత సుఖమైన సీట్లు కళ్ళ ముందు పెట్టుకుని, ఈడ్చుకుంటూ ఇంటిదాకా వచ్చాను.

ఉన్నదున్నట్టు ఈ మాట చెప్తే మా ఊళ్ళో ఒక్కడూ నమ్మలేదు. ఎవరూ ఎక్కించుకోలేదని మార్చి చెప్పాను, వెంటనే నమ్మారు. ఇప్పుడు మా ఆవిడ కూడా, ఎక్కించుకోవద్దని తానే చెప్పానని అందరితో అంటోంది.