కారం చేతులు, చెరుకురసం

మా ఊరి మగవాళ్లకు ఆ అవయవం పేరు ఎత్తకుండా మాట రాదు. ఎద్దును అదిలించాలన్నా, మోటారు కాలిపోయినా, మిర్చి ధర పడిపోయినా దాని పేరే. దానికి జబ్బు చేస్తే మాత్రం ఒక్కడికీ నోరు పెగలదు. ఈ సంగతి మా ఆయన పుణ్యమా అని నాకు బాగా తెలిసింది.

ఆ ఏడాది మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. కూలీలతో కలిసి నేను రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే ఆయన మాటిమాటికీ లేచి కంపచెట్ల చాటుకు వెళ్లేవాడు. వెళితే ఎంతకీ రాడు. వచ్చాక కాళ్లు ఎడంగా వేసి నడుస్తాడు. ఏమైందంటే, ‘‘వేడి చేసిందే’’ అంటాడు. మా వైపు వేడి చేయడం అన్నిటికీ సరిపోయే జబ్బు. కంటి కలకకూ అదే, నోటిపూతకూ అదే.

తిన్న కంచం కూడా తీయని మనిషి ఉన్నట్టుండి లుంగీలు తానే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు భయం పట్టుకుంది. తలుపు వేసి గట్టిగా అడిగితే గోడవైపు తిరిగి చెప్పాడు. అక్కడ మంట, దురద. చర్మం చిట్లుతోంది. ముందు తోలు బిగుసుకుపోయి వెనక్కి రావడం లేదు.

‘‘కారం చేతులే. కాయలు ముట్టుకున్న చేత్తోనే ఉచ్చ పోసుకుంటే మండదా?’’ అన్నాడు.

కారం చేతులు నాకూ ఉన్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ మిరపకాయల్లోనే బతుకుతున్నాం. ఆ మంట ఒక పూట ఉంటుంది, కొబ్బరినూనె రాస్తే తగ్గుతుంది. ఇదేమో చేలో కాయ పండకముందే మొదలైందని ఆయన నోటి నుంచే జారింది. తనకు తాను అబద్ధం చెప్పుకోవడానికైనా కాస్త లెక్క చూసుకోవాలి కదా.

టీకొట్టు బల్ల మీద కూర్చునే స్నేహితులే ఆయనకు వైద్యులు. విషయం పూర్తిగా వినకుండానే, ‘‘ఒంట్లో వేడిరా, చెరుకురసం తాగు’’ అన్నాడట అందులో ఒకాయన. ఇక పొద్దున చెరుకురసం, మధ్యాహ్నం కూల్‌డ్రింకు, సాయంత్రం సబ్జా నీళ్లలో గుప్పెడు పంచదార. తాగేకొద్దీ దాహం, దాహంతో పాటే మంట, మంటకు మళ్లీ ఇంకో గ్లాసు. అదీ చాలక వినుకొండలో గోడమీద రహస్య వ్యాధుల బోర్డు చూసి, లాడ్జిలో గది తీసుకుని వైద్యం చేసే ఒక పెద్దమనిషి దగ్గరకు వెళ్లొచ్చాడు. ఆ మహానుభావుడు లుంగీ తీయమనలేదు, చూడలేదు. కుర్రతనపు తప్పుల వల్ల నరాలు చచ్చాయని చెప్పి తేనె లేహ్యం డబ్బా చేతిలో పెట్టాడు. తేనె ఒక్కటే తక్కువైంది, అదీ చేరింది.

ఒకరోజు పొద్దున దొడ్లోకి వెళ్లినవాడు ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఒళ్లంతా చెమటలు. మూత్రం చుక్క రావడం లేదు. ఈ మనిషి జబ్బుతో కాదు, సిగ్గుతో చస్తాడనిపించింది. ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

అక్కడ ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. బాధేమిటని అడిగితే, ‘‘పొత్తికడుపులో నొప్పండి’’ అన్నాడు. ఊళ్లో ఎద్దులకు కూడా కంఠతా వచ్చిన మాట ఇక్కడికొచ్చేసరికి పొత్తికడుపైంది.

‘‘మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?’’ అన్నాను. చెప్పాడు.

మత్తిచ్చి చర్మం కొద్దిగా కోసి సన్నటి గొట్టం వేశారు. ఆ తర్వాత వేలి రక్తం తీసి చూశారు.

‘‘షుగర్ బాగా ఎక్కువగా ఉందండి. మూత్రంలో తీపి పోతుంటే అక్కడ ఫంగస్ పెరుగుతుంది. చర్మం చిట్లి మానిన ప్రతిసారీ ఇంకాస్త బిగుస్తుంది. కారానికీ దీనికీ సంబంధం లేదు’’ అంది డాక్టరమ్మ.

‘‘చలవకని చెరుకురసం తాగుతున్నానండి’’ అన్నాడు మా ఆయన, ఏదో ఘనకార్యం చేసినట్టు. ఆమె చీటీ పైన ముందు ‘చెరుకురసం బంద్’ అని రాసింది.

షుగర్‌కు మాత్రలు, అక్కడ రాయడానికి పూతమందు ఇచ్చింది. సబ్బు పెట్టకుండా మంచినీళ్లతో కడిగి పొడిగా తుడుచుకోమంది. షుగర్ అదుపులోకి వచ్చాక ముందు చర్మం తీసేయాలంది.

‘‘అంటే సున్తీనా అండీ? ఊళ్లో తెలిస్తే ఏమంటారు?’’

‘‘ఊళ్లో వాళ్లకు చూపిస్తారా ఏంటి?’’ అంది ఆమె. అన్ని రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక స్నేహితులకు హెర్నియా అని చెప్పుకున్నాడు. ఎవరి పరువు వాళ్లదని ఊరుకున్నాను. ఒక సాయంత్రం ఆ చెరుకురసం స్నేహితుడే ఒంటరిగా వచ్చాడు. వరండాలో కూర్చుని గొంతు తగ్గించాడు.

‘‘ఒరేయ్, నాకూ అక్కడ ఒకటే మంటరా. తోలు వెనక్కి రావట్లా. దాహం కూడా ఆగట్లా.’’

లోపల కూర తరుగుతున్నదాన్ని చెయ్యి ఆపి విన్నాను. గొట్టం వేయించుకుని బతికొచ్చిన మనిషి ఏం చెప్తాడా అని.

‘‘కారం చేతులేలేరా. ఒళ్లు వేడి చేసుంటది’’ అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్లు మండిపోయింది. బయటికి వచ్చాను.

‘‘అన్నయ్యా, ఈయనకు హెర్నియా కాదు. మీకున్నదే ఈయనకూ వచ్చింది. ఆ చెరుకురసం మానేసి, రేపు పొద్దున్నే పరగడుపున వెళ్లి షుగర్ చూపించుకోండి. అక్కడ కూడా పొత్తికడుపు అనకండి.’’

వీధిలో పోతున్నవాళ్లు నిలబడి చూశారు. ఇద్దరూ ఒక్కలాగే లుంగీలు సర్దుకుని నేలచూపులు చూశారు. మర్నాడు వెళతానని గొణిగి ఆ స్నేహితుడు లేచి వెళ్లిపోయాడు.

‘‘పరువు తీశావు కదే’’ అన్నాడు మా ఆయన.

‘‘మీ పరువు నిలబడటానికి ఆయనకు మూత్రం ఆగిపోవాలా?’’ అన్నాను.