కొలతనే కొలిచిన మేడం

కామారెడ్డిలో మా థెరపీ సెంటర్‌కు ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక దువ్వెన పిడికి పాత సైకిల్ ట్యూబు చుడుతున్నాను. పట్టు తప్పిన వేళ్లకు లావు పిడి కావాలి. "మేడం పొద్దున పోయిందట. గుండెపోటు" అన్నాడు ఓనర్. నేను చుట్టడం ఆపలేదు. మొత్తం చుట్టి, చివర కోసి, ముడి వేశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. కోపం మాత్రం ఉంది. అది కూడా పక్కింట్లో మోగే టీవీలా ఎక్కడో వినిపిస్తోంది.

మేడం ఆక్యుపేషనల్ థెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్లకు తినడం, తల దువ్వుకోవడం, చీర కట్టుకోవడం మళ్లీ నేర్పేవారు. నాకు ఆ చదువు లేదు. సైకిల్ షాపు వదిలి వచ్చి, ఆమె పక్కన ఉండి నేర్చుకున్నాను. ఏ ఇంటికి వెళ్లినా ఆమె నేల మీదే కూర్చునేవారు. "కుర్చీల కూసుంటే చెయ్యి కనవడ్తది, కష్టం కనవడది" అనేవారు.

ఆమెకు ఒక పిచ్చి ఉండేది. పేషెంటుకు మార్కులు వేసే షీటు ఒకటి ఉంటుంది. తనంతట తాను తింటే ఇన్ని, సాయం కావాలంటే ఇన్ని. అందరూ ఆ షీటుతో మనిషిని కొలుస్తారు. మేడం ఆ షీటునే కొలిచేవారు. "తక్కెడ మీదనే నమ్మకం లేకుంటే బియ్యం తూచి ఏం లాభం?"

ఆ మాట నాకు ఎల్లారెడ్డిలో అర్థమైంది. అక్కడొక అవ్వ. బీడీలు చుట్టిన మనిషి, కుడిచెయ్యి పడిపోయింది. మొదటిసారి షీటులోని ప్రశ్నలకు జవాబులన్నీ కోడలే చెప్పింది. "అన్నం నేనే తినిపిస్త. తానం నేనే పోస్త. మా అత్తను ఒక్క పని ముట్టనియ్య." మార్కులు అడుగంటాయి. మరోసారి వెళ్తే కోడలు బజారుకు పోయింది. అవ్వ ఒక్కతే ఉంది. "నాకేం గోస? అన్ని నేనే చేసుకుంట!" మార్కులు ఆకాశానికి పోయాయి.

బయటికొచ్చాక మేడం నవ్వలేదు. "చెయ్యి అదే. చెప్పిన నోరు మారింది. అత్తతోని పని చేయిస్తున్ననంటే కోడలికి నామోషి. చేతగాదంటే అవ్వకు నామోషి. మధ్యల మనం రాసింది ఎవ్వల చెయ్యి?"

ఇక అడగడం మానేశారు. అవ్వ పని చేసుకుంటుంటే ఇద్దరం చెరో పక్కన కూర్చుని, ఒకరిది ఒకరు చూడకుండా మార్కులు వేసేవాళ్లం. తేడా వస్తే కొట్లాట. ఒకసారి నాకు మండింది. "మీరు చదువుకున్నరు, మీదే కరెక్టని రాసుకోండ్రి" అన్నాను.

"నాదే కరెక్టని ముందే తెలిస్తే నిన్నెందుకు కూసోపెట్టిన?"

మార్కులు కలిసిన రోజు కూడా సంబరపడేవారు కాదు. "ఇద్దరం కలిసి తప్పు చూసినమేమో. మళ్లా చూద్దాం" అనేవారు.

షీటులో చెంచాతో తినే ప్రశ్న వచ్చినప్పుడు అవ్వ పకపకా నవ్వింది. "మా ఇంట్ల చెంచతోని ఎవ్వలు తినరు బిడ్డా. గట్లయితే అందరికి పచ్చవాతమేనా?" మేడం ఆ ప్రశ్న పక్కన పెట్టి, చేత్తో ముద్ద కలిపి తినడం అని రాసుకున్నారు. మళ్లీ ఆ కొత్త ప్రశ్నను నమ్మొచ్చా అని మొదటినుంచి మొదలు. ఇదంతా టైంపాస్ అన్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు నేను జవాబు చెప్పను. నాకు ఆమె ఇచ్చింది ఇదే: నా కళ్లను కూడా పూర్తిగా నమ్మకపోవడం.

ఆమె పోయిన కొద్ది రోజులకే అవ్వకు మార్కులు వేయాల్సి వచ్చింది. థెరపీ ఉంచాలా, ఆపాలా అన్నది వాటిని బట్టే తేలుతుంది. "ఎల్లారెడ్డి దాకా ఎందుకురా? ఫోన్ల అడిగి నింపు. బాగైందంటే బంద్ చేద్దాం" అన్నాడు ఓనర్.

"ఫోన్ల చెయ్యి కనవడ్తదా సార్?"

"నీకు మేడం గాలి సోకింది."

సోకింది. సోకితే ఏంది? బస్సెక్కాను.

అవ్వకు చావు కబురు తెలుసు. "మేడం లేకుంట ఒక్కనివే మార్కులెట్ల ఏస్తవ్ బిడ్డా?" అంది. సంచి తెరిస్తే రెండు షీట్లు ఉన్నాయి, అలవాటు కొద్దీ పెట్టుకొచ్చాను. రెండోదాన్ని కోడలికిచ్చాను.

"నాకెందుకన్నా? నాకేం తెలుసు?"

"మేం ఏసేటప్పుడు చూసినవ్ గద. అత్తకు అన్నం పెట్టి గా పక్కకు కూసో. చెయ్యి పట్టకు. నాకు చెప్పకు. చూసింది చూసినట్టు రాయి."

అవ్వ పళ్లెంలో కుడిచెయ్యి పెట్టింది. వేళ్లు మెల్లగా దగ్గరికొచ్చాయి. ముద్ద పైకి లేచి, గుండె దగ్గర ఆగి, వణికింది. మెతుకులు చీర మీద రాలాయి. కోడలి ఎడమచెయ్యి దానంతట అదే ముందుకు సాగింది. ఆమె దాన్ని వెనక్కి లాక్కుని మోకాలి కింద అదిమిపెట్టుకుంది. కుడిచేతిలో పెన్సిల్. ముద్ద ఇంకా గాలిలోనే ఉంది. చెరో పక్క నుంచి ఇద్దరం దాన్నే చూస్తున్నాం.