తట్టి వినే బాబాయి

బాబాయి పోయారని ఫోను వచ్చేటప్పటికి నేను గుంటూరులోనే ఉన్నాను. ఆయన ఉన్న ఆసుపత్రికి రెండు వీధుల అవతల, సంగీత వాద్యాలు అమ్మే షాపులో, అక్కడే కొన్న మా చర్చి బేస్ గిటారు కౌంటరు మీద పెట్టి షాపాయనతో గొడవ పడుతున్నాను. మూడు వారాలుగా ఆ గిటారు ఏ పాట ఎత్తుకున్నా మధ్యలో జరజరమంటోంది. ఆ ఉదయం మార్టూరులో బస్సు ఎక్కేటప్పుడే అనుకున్నాను, ముందు షాపు, తర్వాత ఆసుపత్రి అని. గిటారు ఇచ్చేస్తే భుజం మీద బరువు లేకుండా ఆయన దగ్గర కాసేపు కూర్చోవచ్చని.

"ఎక్కడున్నావే?" అంది పిన్ని. "మీ బాబాయి ఇక లేడు."

"దగ్గర్లోనే ఉన్నా పిన్నీ" అన్నాను. ఎక్కడో మాత్రం చెప్పలేదు.

ఆయన నాకు సొంత బాబాయి కాదు, పక్కింటాయన. గ్రానైటు పాలిష్ చేసే యూనిట్‌లో పాతికేళ్ళకు పైగా పనిచేశారు. ఆదివారం మా చర్చిలో బేస్ గిటారు వాయించేవారు. నాలుగు లావు తీగలతో, పాటకు అడుగున గుండెకి తగిలేలా మోగే గిటారు అది. పాడేవాళ్ళూ, డ్రమ్స్ వాయించే అబ్బాయీ అందరి కళ్ళలో పడతారు. బేస్ వాయించేవాణ్ణి ఎవరూ చూడరు. "అదేరా మన పనికి అందం" అనేవారు బాబాయి. "వాయించేటప్పుడు ఉన్నట్టు తెలియకూడదు. ఆపితే మాత్రం అందరూ వెనక్కి తిరిగి చూడాల."

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని ఆ గిటారు నేర్చుకున్నాను. మా అమ్మా నాన్నా మిరపకోతలకు వెళ్ళేవాళ్ళు. సెలవు రోజుల్లో నేనూ వెళ్ళేదాన్ని. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. ఆడపిల్లకి గిటారేంటి, పాటలు పాడుకోక, అని చర్చిలో ఒకరిద్దరు అన్నారు. బాబాయి నా చెయ్యి పట్టుకుని వాళ్ళకి చూపించారు. "ఈ వేళ్ళు చూడండి. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా మిరపకాయలు కోసిన వేళ్ళు. తీగ మీద పెడితే తీగే భయపడుద్ది. మీ మగోళ్ళలో ఎవుడికున్నాయి?"

ఆయన చదువుకోలేదు. యూనిట్‌లో ఇచ్చిన కాగితాలు, కరెంటు బిల్లు, మందుల చీటీ, అన్నీ నా దగ్గరికే తెచ్చేవారు. "నువ్వు చదువు, నేను వింటా" అనేవారు. వినడం ఆయనకు మాటవరసకు చెప్పే సంగతి కాదు. అది ఆయన పని. రాతి పలక యూనిట్‌లోకి వచ్చినప్పుడు వేలు మడిచి, కణుపుతో అక్కడా అక్కడా తట్టి, తల వంచి వినేవారు. మంచి రాయి గంటలా ఖంగుమంటుంది. లోపల పగులుంటే డబ్ మని ఊరుకుంటుంది. "జిగురు పూసి పాలిష్ కొడితే పగులు కంటికి ఆనదమ్మా. వేలికి దొరుకుద్ది" అనేవారు. అదే అలవాటు ఇంట్లోనూ. కుండ, మంచం కోడు, కొత్తగా బిగించిన తలుపు, అన్నిటినీ తట్టి వినేవారు. ఒకసారి నా పదో తరగతి మార్కుల కాగితాన్ని కూడా తట్టి "గట్టిదే" అన్నారు.

ఆ యంత్రాల హోరులో ఏళ్ళు గడిచాక ఆయన ఎడమ చెవి పోయింది. కుడి చెవిలోనూ సన్నని శబ్దాలు ఆగిపోయాయి. ఆ సంగతి పిన్నికీ నాకూ మాత్రమే తెలుసు. చర్చిలో ఆయన ఎప్పుడూ స్టేజీకి ఎడమ చివర నిలబడేవారు. పాడేవాళ్ళు తన కుడివైపు ఉండాలని. గిటారు పైఅంచుకి గడ్డం ఆనించి వాయించేవారు. అందరూ అది భక్తి అనుకునేవాళ్ళు. కర్రలో మోగేది దవడ ఎముక గుండా ఆయనకు అందేది. "బేస్‌కి చెవులు అంత అక్కర్లేదులే. ఈ సంగతి మాత్రం ఎవురికీ చెప్పమాక. ఆపేయమంటారు" అన్నారు నాతో. చెప్పనన్నాను.

రెండేళ్ళ క్రితం పాత గిటారు పూర్తిగా పాడైంది. అది ఎప్పుడో ఒక పెళ్ళి బ్యాండు వాళ్ళ దగ్గర బాబాయి కొన్నది. కొత్తది కొనమని చర్చి సంఘం మా ఇద్దరినీ గుంటూరు పంపింది. తోడుగా సంఘపెద్ద ఒకాయన వచ్చారు. నేను అప్పటికి డిగ్రీ అయి, ఒక ప్రైవేటు బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతున్నాను. నెల రోజులు ఫోనులో ఇంగ్లీషు రివ్యూలన్నీ చదివి, ఏది కొనాలో ముందే తేల్చుకుని వెళ్ళాను. అయిదు తీగలది, నీలం రంగుది, లోపల బ్యాటరీతో పనిచేసేది. దానితోపాటు గిటారుకీ, దాని శబ్దాన్ని పెంచే యాంప్‌కీ మధ్య పెట్టి కాలితో నొక్కితే శబ్దాన్ని మార్చే పెడళ్ళు మూడు.

బాబాయి షాపులో మూలనున్న ఒక మామూలు గోధుమరంగు గిటారు తీశారు. షాపాయన దాన్ని యాంప్‌కి తగిలించబోతే ఆపారు. "ముందు కరెంటు లేకుండా ఎట్టా పలుకుద్దో విననియ్యి. కరెంటు పెట్టినాక ప్రతిదీ మొనగాడే." గడ్డం ఆనించి ఒక్కొక్క తీగా మీటారు. వెనక కణుపుతో తట్టారు. "ఇది పలుకుద్ది" అన్నారు. తర్వాత నా నీలం గిటారు తీసుకుని, మెడ ఒంటికి కలిసే చోట తట్టారు. మళ్ళీ తట్టారు.

షాపాయన నవ్వాడు. "పెద్దాయనా, పుచ్చకాయ కొంటున్నారా ఏంటి?"

షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. బాబాయి కూడా నవ్వారు. "పుచ్చకాయైతే కోసి చూపిత్తావు. ఇది కోయనియ్యవుగా" అని, నావైపు తిరిగి "ఇది వద్దమ్మా. ఇక్కడ లోపల వదులుంది" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. నేను వచ్చినప్పటి నుంచీ షాపాయనతో ఇంగ్లీషు మాటలు కలిపి మాట్లాడుతూ, తెలిసినదాన్ని అనిపించుకుంటున్నాను. అదంతా ఒక్క నవ్వుతో కొట్టుకుపోయినట్టు అనిపించింది.

"బాబాయ్, నీకు ఒక చెవి అసలు వినపడదు, రెండోది సగమే. నువ్వు తట్టి చెప్తే కొనాలా?"

ఈ మాట నేను గట్టిగా అన్నాను. ఆయనకు వినపడాలని కాదు, షాపుకు వినపడాలని.

ఎవరూ నవ్వలేదు. సంఘపెద్ద బాబాయి వంక కొత్తగా చూశారు. బాబాయి గిటారు మీద నుంచి చెయ్యి తీసి చొక్కాకి తుడుచుకున్నారు. "అవునమ్మా. చదువుకున్నదానివి, నీకే తెలుస్తది" అన్నారు. నేను పెడళ్ళు ఒక్కొక్కటి నొక్కి చూసుకున్నంతసేపూ ఆయన తలుపు పక్క స్టూలు మీద కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కొత్త గిటారును పైన పెట్టనివ్వలేదు. మార్టూరు దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

వారం తిరగకుండా సంఘపెద్ద ఇంటికి వచ్చి "వినపడనప్పుడు ఎందుకులే శ్రమ, ఆ పిల్లకి అప్పజెప్పు" అన్నారు. బాబాయి సరేనన్నారు. ఆ ఆదివారం నుంచి నేను ఆయన నిలబడే చోట నిలబడ్డాను. ఆయన మగవాళ్ళ వైపు రెండో వరసలో, కుడి చెవి స్టేజీ వైపు వచ్చేలా కూర్చునేవారు. నేను అడుక్కుని తీసుకోలేదు కదా, వాళ్ళే ఇచ్చారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆయన నాతో మాట్లాడటం మానలేదు. మానినా బాగుండేది. ఒక సాయంత్రం చర్చిలో ప్రాక్టీసు చేస్తుంటే వచ్చి, "నీ పెట్టెలేం జేస్తయ్యో చూపియ్యమ్మా" అని యాంప్ మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నారు. కోరస్ పెడలు నొక్కితే "నీళ్ళలో మునిగినట్టుంది" అన్నారు. ఓవర్‌డ్రైవ్ నొక్కగానే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "ఇది మా మిషనే గదా! ఆదివారం గూడా పనికి పంపిత్తావా తల్లీ?" కంప్రెసర్ పెడలు మాత్రం నచ్చింది. గట్టిగా వచ్చే శబ్దాన్ని తగ్గించి, మెల్లగా వచ్చేదాన్ని పైకి తెస్తుందని చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఇది మన సంఘం మీటింగులో పెట్టాల్సిన పెట్టె" అన్నారు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అప్పుడు చెప్పి ఉండాల్సింది, ఆ రోజు షాపులో అన్నమాట తప్పని. ఇంకోసారి చెబుదాంలే అనుకున్నాను. పెద్దవాళ్ళకు క్షమాపణ చెప్పే అలవాటు మా ఇళ్ళల్లో లేదు. కూర గిన్నె పంపుతాం, కాగితం చదివి పెడతాం, అంతే. నేనూ రెండేళ్ళు ఆయన మందుల చీటీలు చదివి పెట్టాను.

ఈ రెండేళ్ళూ గిటారు బ్రహ్మాండంగా పలికింది. మా దగ్గర ఎండలకు చర్చి రేకుల కింద తలుపులే వంగిపోతాయి, ఆ గిటారు మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరైనా మెచ్చుకుంటే "సెలక్షన్ ఎవరిది మరి?" అనేదాన్ని. బాబాయి ముందు కూడా ఒకసారి అన్నాను. "నీదేగా" అన్నారు ఆయన.

పోవడానికి నెల ముందు ఊపిరి అందక ఆయన్ని గుంటూరు తీసుకెళ్ళారు. పెద్ద డాక్టరు ఊపిరితిత్తుల్లో రాతిపొడి అన్నారు. ఆ తర్వాత వారానికే గిటారు జరజర మొదలైంది. పెడళ్ళ తప్పనుకుని ఒక్కొక్కటి తీసేశాను. వైర్లు మార్చాను, బ్యాటరీ మార్చాను. పెడళ్ళు లేకుండా నేరుగా వాయించినా ఆగలేదు. ఆసుపత్రికి ఒక్కసారే వెళ్ళగలిగాను. ముక్కుకి గొట్టంతో ఉన్న మనిషి మొదట అడిగింది "గిటారు ఎట్టా పలుకుతుంది?" అని.

"బాగా పలుకుతోంది బాబాయ్."

నా ముఖంలోకి చూశారు. "శనివారం ఒకసారి..." అని ఏదో చెప్పబోయారు. దగ్గు తెర వచ్చింది. "నువ్వు మాట్లాడమాకు, ఆయాసం వస్తది" అన్నాను. ఆ మాట ఆయన పూర్తి చేయలేదు.

సమాధి చేసిన వారానికి చర్చిలో ఆయన జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టి నన్ను మాట్లాడమన్నారు. ఆయన నేర్పిన పాటలు, ఆయన వేసిన జోకులు చెప్పాను. అందరూ ఏడ్చారు. షాపులో జరిగింది చెప్పలేదు. సంఘపెద్ద ముందు వరసలోనే ఉన్నారు, ఆయనకైనా గుర్తుందేమోనని భయపడ్డాను. ఆ రోజు చెప్పడానికి నోరు రాని సంగతి కాబట్టే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

మర్నాడు, ఫోను వచ్చిన రోజు కౌంటరు మీదే వదిలేసి వచ్చిన గిటారు తెచ్చుకోవడానికి షాపుకి వెళ్ళాను. షాపాయన మెడ విప్పి ఉంచాడు. మెడ కూర్చునే గాడిలోంచి వేలెడంత కాగితం ముక్క తీసి నా ముందు పెట్టాడు. నునుపు చేయడానికి రుద్దే గరుకు కాగితం, గాడికి సరిపోయేలా నీటుగా కత్తిరించి ఉంది.

"ఇది మీరు పెట్టించారా?"

"లేదండి."

"ఎవరో పని తెలిసినవాళ్ళే పెట్టారు. ఈ గాడి మొదటి నుంచీ కొంచెం వదులండి, మేం చూసుకోలేదు. దానికితోడు ఎండకి మెడ వంగుతుంది. ఎవరో ఎప్పటికప్పుడు బిగిస్తున్నారు, స్క్రూల మీద గీతలు చూడండి. ఈ మధ్య ఎవరూ ముట్టుకున్నట్టు లేదు."

అప్పుడతనికి ఏదో గుర్తొచ్చినట్టుంది. "మీతో ఒక పెద్దాయన వచ్చారు కదూ?" అన్నాడు. నేను తలూపాను. ఈసారి అతను నవ్వలేదు.

ఊరికి రాగానే పిన్నిని అడిగాను. "నీకు తెలవదా?" అంది ఆశ్చర్యంగా. "శనివారం మధ్యాన్నం పని దిగి, అన్నమన్నా తినకుండా చర్చి తాళం తీసుకుని పోయేవాడు. ఏందయ్యా అంటే, పిల్ల రేపు వాయించాలి కదే అనేవాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"చెప్తే నువ్వు కొన్నది మంచిది కాదని తేలుద్ది కదా. నలుగురిలో చిన్నబోద్ది, వద్దులే అన్నాడు."

కొత్త చెక్కముక్క పెట్టి ఇస్తానని షాపాయన అన్నా నేను ఒప్పుకోలేదు. మెడ వేరుగా, ఒళ్ళు వేరుగా సంచిలో తెచ్చుకున్నాను. మొన్న శనివారం మధ్యాహ్నం చర్చి తాళం తీసుకుని వెళ్ళాను. పాటల పుస్తకాలుండే గూట్లో వెనగ్గా ఒక స్క్రూ డ్రైవరూ, గిటారు మెడ వంపు సరిచేసే, వంకీ తిరిగిన చిన్న అలెన్ కీ పాతగుడ్డలో చుట్టి ఉన్నాయి. ఆ గూడు నేను ప్రతి ఆదివారం తెరిచేదే.

కాగితం ముక్క వెనక్కి తిప్పితే నల్లటి రాతిపొడి అంటుకుని ఉంది. కిటికీ దగ్గర పెడితే బాబాయి పాలిష్ పట్టే చీమకుర్తి రాయిలో ఉండే బంగారు నలకలు ఒకటి రెండు మెరిశాయి. దాన్ని తుడవకుండా ఎలా ఉన్నదాన్ని అలాగే గాడిలో పెట్టి, నాలుగు స్క్రూలూ బిగించి, తీగలెక్కించాను. పెడళ్ళు గోడ పక్కనే ఉన్నాయి. యాంప్ ఆన్ చేయలేదు. వేలు మడిచి మెడ వెనక తట్టాను. గడ్డం గిటారు అంచుకి ఆనించి, ఆయన కూర్చునే రెండో వరస వైపు చూస్తూ, లావు తీగ ఒక్కటి మీటాను. గదిలో శబ్దమేమీ లేనట్టే ఉంది. దవడ ఎముకలో మాత్రం మోగుతూ, చాలాసేపటికి గాని ఆగలేదు.