అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి, వయా ట్యాంక్‌బండ్

అల్మారా పై అరలో ఉన్న స్టీలు డబ్బా మూత తీస్తే ఇప్పటికీ ఆ వాసన వస్తుంది: ఇనుము, కొబ్బరినూనె, కాస్త చెమట. డబ్బాలో ఉన్నది టికెట్లకు చిల్లులు పొడిచే పంచ్. మా బాపు ముప్పై ఏళ్లు బస్సు కండక్టర్‌గా చేసి, రిటైరైన రోజున డ్యూటీ సామానంతా డిపోలో అప్పజెప్పి, వారం తిరక్కుండానే జుమ్మేరాత్ బజార్‌కు పోయి పాత ఇనుప సామాన్ల కుప్పలోంచి ఇంకో పంచ్ ఏరి కొనుక్కొచ్చుకున్నాడు. "ఇంక ఎవ్వలకు కొడ్తవు టికెట్లు?" అని నేను ఎకసెక్కెమాడితే, "ఉన్నరు తీయ్ పాసింజర్లు" అన్నాడు.

ఆ పాసింజర్లు నా పిల్లలు. 2009 ఎండాకాలానికి శ్రావ్యకు ఐదేళ్లు, చింటుకు రెండు నిండాయి. పెళ్లయిన ఆడపిల్ల సెలవుల్లో పిల్లల్ని తీసుకుని తల్లిగారింటికి పోవడం మా దగ్గర ఎవరూ ప్రశ్నించని రివాజు. అమ్మ పోయినా బాపు దాన్ని పోనివ్వలేదు. చిక్కేమిటంటే నా ఇల్లు అశోక్‌నగర్‌లో, ఆయన రెండు గదుల కిరాయి ఇల్లు చిక్కడపల్లిలో. మధ్యలో లైబ్రరీ, దాని గోడ పొడుగునా పుస్తకాలు ముందేసుకుని నౌకరీ పరీక్షలకు చదివే పిల్లలు, అంతే. నడిస్తే పదకొండు నిమిషాలు. దీనికి ఎవరైనా సూట్‌కేసు సర్దుతారా? నేను సర్దాను, నాలుగేళ్లు.

పొద్దున తొమ్మిదికల్లా ఆటో మాట్లాడుకుని బాపు మా గల్లీలో దిగేవాడు. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, మెడలో విజిల్, చేతిలో పాత క్యాలెండర్ కాగితాలు కత్తిరించి చేసిన టికెట్ల కట్ట. పిల్లలకు హాఫ్, నాకు ఫుల్. నేను తీసుకోనని మొహం తిప్పుకుంటే "టికెట్ లేకుంట ఎక్కితే జుర్మానా పడ్తది మేడం" అని పిల్లల ముందు నా పరువు తీసేవాడు. "రైట్, రైట్!" అనగానే ఆటో చిక్కడపల్లికి వీపు తిప్పి, ఇందిరాపార్కు పక్కనుంచి పోయి ట్యాంక్‌బండ్ ఎక్కేది. పిల్లలకు ఆ చెరువే సముద్రం. అబిడ్స్ దాటాక కోఠిలో, పాత పుస్తకాల బండ్ల పక్కన చెరుకురసం దగ్గర, "బస్ పది నిమిషాలు ఆగుతది, దిగెటోళ్లు దిగుండ్రి" అని విజిల్ ఊదేవాడు. అల్లం, నిమ్మకాయ పడ్డ రసం నురగ పిల్లల మూతులకు మీసాలై అంటుకునేది, మళ్లీ ఎక్కి కూర్చుంటే సీటు రెక్సిన్ తొడలు కాల్చేది. నారాయణగూడ ఫ్లైఓవర్ మా ఘాట్ రోడ్డు. ఎత్తుకు చెవులు దిబ్బళ్లు పడతాయని మూసుకొమ్మనేవాడు. ర్యాలీలున్న ఒక ఏడు పోలీసులు దారి మళ్లిస్తే, "కొండ మీదికెల్లి బండలు పడ్డయట" అని ఇంకో అరగంట తిప్పాడు.

ఆ ఇంట్లో అడుగు పెడితే కూలర్ కొత్త గడ్డి తడిసిన వాసన, పెనం మీద కాలుతున్న సర్వపిండి వాసన, ముంజలు ఒలిచిన చేతుల జిగురు. మధ్యాహ్నాలు చింతగింజలతో అష్టాచెమ్మా. ఓడిపోతే బాపు నిజంగానే అలిగేవాడు. పిల్లలు అశోక్‌నగర్‌లో ఉన్న వాళ్ల నాన్నకు పోస్టుకార్డు రాసేవాళ్లు. మూడు రోజులకు చేరేది. మా ఆయన కూడా ఆ నాటకంలో కలిసిపోయి "మీ ఊళ్లో ఎండలు ఎట్లున్నయి?" అని జవాబు రాసేవాడు. ఇరవై రోజుల్లో ఒక్కసారైనా ఇంటికి పోదామని పిల్లలు ఏడవలేదు. ఊరు దూరం కదా!

నాకు మాత్రం ఒళ్లు మండేది. నా చిన్నప్పుడు ఎండాకాలమంటే బాపుకు స్పెషల్ బస్సులు, డబల్ డ్యూటీలు. గల్లీలో అందరి పిల్లలూ కూజాలు పట్టుకుని ఊళ్లకు పోయేవారు. వాళ్లకు టికెట్లు కొట్టింది మా బాపు. ఒక ఏడు నన్నూ తీసుకుపోతానన్నాడు. రెండు గౌన్లు సంచీలో పెట్టుకుని పొద్దంతా గడప మీద కూర్చున్నాను. లీవు దొరకలేదు. ఆ సంచీ ఇంకా నా ఒళ్లోనే ఉన్నట్టుండేది.

2013లో, సెలవులివ్వగానే, చింటు ఏడ్చుకుంటూ వచ్చాడు. తాత ఊరికి సముద్రం దాటి పోవాలని చెప్తే పైవాటా పిల్లలు నవ్వారట. వెంటనే ఫోన్ చేశాను.

"పిల్లలకు అబద్ధాలు నేర్పుతున్నవు బాపూ."

"ఊరంటే దూరమే ఉండాల్నా బిడ్డా? పోతున్నమనిపిస్తే సాలు."

"నన్ను ఏనాడన్న తీస్కపోయినవా?"

"అందుకే కద" అని పెట్టేశాడు.

మర్నాడు ఆయన వచ్చేదాకా ఆగలేదు నేను. ఎనిమిదిన్నరకే పిల్లల చేతులు పట్టుకుని లైబ్రరీ గోడ పక్కనుంచి నడిపించాను. పదకొండు నిమిషాలు. గేటు ముందు ఆటో ఆగి ఉంది. ఖాకీ చొక్కా వేసుకుని, టికెట్లు చేతిలో పట్టుకుని, బాపు అందులో ఒక కాలు పెట్టాడు. మమ్మల్ని చూసి ఆ కాలు మెల్లగా దించాడు.

"నడ్సుకుంట వచ్చిండ్రా?" అన్నాడు.

చింటు వెనక్కి తిరిగి రోడ్డు చూశాడు, మళ్లీ తాతను చూశాడు. "తాతా, మీ ఊరు ఇంత దగ్గరికి ఎవరు తెచ్చిండ్రు?"

"మీ అమ్మ తెచ్చింది బిడ్డా. మస్తు తెలివిగల్లది."

వాదనలో నేను గెలిచాను. ఆ సాయంత్రమే చింటు "ఇంటికి పోయి కార్టూన్ చూసొస్తా" అన్నాడు. మర్నాడు శ్రావ్యకు తలకింద పెట్టుకునే తన మెత్త కావాల్సొచ్చింది. పదకొండు నిమిషాలే కదా, ఎందుకు వద్దంటాం? నాలుగో రోజుకే ఇంటికి బయల్దేరాం, తాత ఊరి సెలవులు అయిపోయాయి. బాపు గల్లీ చివరిదాకా వచ్చి, విజిల్ ఊదకుండా నిలబడ్డాడు. ఆ చలికాలంలోనే పోయాడు. సామాను సర్దుతుంటే ఈ డబ్బా దొరికింది. పంచ్ కింద ఆ రోజు టికెట్లు: రెండు హాఫ్, ఒక ఫుల్. దేనికీ చిల్లు లేదు.

ఇప్పుడు మెట్రోలో నారాయణగూడ నుంచి చిక్కడపల్లి రెండు నిమిషాలు. బాపు ఇంటి స్థలంలో పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్ లేచింది, ఐదంతస్తులు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, సెలవుల్లో ఎవరి ఫోను వాళ్లది. పోస్టుకార్డు రాయడానికి దూరంగా ఎవరూ లేరు.

మొన్న మేలో ఒక పొద్దున పంచ్, ఆ టికెట్లు బ్యాగులో వేసుకుని ఆటో ఎక్కాను. చిక్కడపల్లి అన్నాను.

"గీడనే కదక్కా, నడ్సుకుంట పోవచ్చు."

"ట్యాంక్‌బండ్ మీంగ పోనియ్. ఆడికెల్లి కోఠి, నారాయణగూడ ఫ్లైఓవర్."

"గదేం రూటక్కా? ఎవలన్న గట్ల పోతరా?"

"మా బాపు ఊరికి గట్లనే పోతరు."

ఫుల్ టికెట్ తీశాను. అంచులు పసుపెక్కాయి. నూనె వేసే చెయ్యి లేక పంచ్ బిగుసుకుపోయింది. రెండు చేతులతో నొక్కితేగానీ చిల్లు పడలేదు.