ఎర్ర కారు దిగిన ఐలేష్

ఐలేష్ తాగి కారు నడిపిండని, తన ఓనర్ రఘునందన్ రెడ్డి బిడ్డ పానం మీదికి తెచ్చిండని, పాల బూతు కాడి నుంచి మటన్ దుకాణం దాక ఇబ్రహీంపట్నమంత చెప్పుకుంటున్నరు. ఒకరు సీటు కింద సీసా దొరికిందంటరు. ఇంకొకరు పోలీసోళ్లు నోట్ల గొట్టం పెట్టి ఊదిపిచ్చిన్రంటరు. ఒకామె అయితే కారు దిగి ఐలేష్ ఎట్ల తూలిండో నా ముంగట నడిచి చూపెట్టింది. నువ్వాడున్నవా అనడిగిన. నేను లేను గని మా తోటికోడలు చెప్పిందన్నది. తోటికోడలిని అడిగితే ఆమెకు టైలర్ చెప్పిండట. టైలర్ దగ్గరికి గూడ పోయిన. ఎవరు చెప్పిన్రో ఆయనకే యాదికి లేదు, గని మాట మాత్రం పక్కా అన్నడు.

ఐలేష్ తాగడు. కల్లు గూడ ముట్టడు. బోనాల నాడు గల్లీల మొగోళ్లంత ఒక దిక్కు కూసుంటె, ఆయన సోడా సీసా పట్టుకోని మా ఆడోళ్ల దిక్కు కూసోని ముచ్చట పెడ్తడు. వాడు నాకు చుట్టం కాదు, పక్కం కాదు. మా వెనక గల్లీల ఉంటడు, పెద్దమ్మా అని పిలుస్తడు, గంతే. ఈ ఉత్త మాటకు ఆయన నౌకరి ఆగిపోయింది గనుక రాస్తున్న. సాగర్ రోడ్డు మీది ఓ బడోళ్లు బస్సుకు డ్రైవర్ కావాలన్నరు. ఐలేష్ ను చూసిన్రు, లైసెన్సు చూసిన్రు, సోమవారం రమ్మన్నరు. ఆదివారం ఎవరో మాట మోసిన్రు. సోమవారం పోతే గేటు కాడనే ఆపి, తాగేటోనికి పిల్లలను అప్పజెప్పేది లేదన్నరు.

ఆయన పెండ్లాం మహేశ్వరి మా ఇంటికి వచ్చి గడప మీద కూసున్నది. ఏడ్వలేదు. మస్తు కోపం మీదున్నది.

"అత్తమ్మా, ఎవ్వలింట్ల ఏం కూర వండిన్రో నీకెరుక. మా ఆయన తాగిండో లేదో నీకెరుక లేదా? నలుగురికి తెలిసేటట్టు రాయి."

నీ మొగుడే నోరు తెరిచి తాగలేదని చెప్పొచ్చు గదా అన్న. గదే బాధ అన్నది మహేశ్వరి. ఎవరేమన్న అననియ్యి అంటడట. బడి గేటు కాడ గూడ కాదు అనలేదట, తల వంచుకోని వచ్చిండట. ఇది నా పుర్రెను తొలిచింది. తాగినోడు తాగలేదని వాదించుడు లోకంల ఉన్నదే. తాగనోడు తాగిండనిపిచ్చుకోని ఎందుకు ఊకుంటడు?

ముందుగాల ఐలేష్ ఎవరో చెప్పాలె. మా కాడ ఐలేష్ అంటే జీపు. చౌరస్త నుంచి మంచాల ఊరి దాక కమాండర్ జీపు నడిపేటోడు. నా చిన్న బిడ్డ పెండ్లికి ముందు మొదలువెట్టిండు, ఆమె కొడుకు కాలేజీకి పోయేదాక నడిపిండు. ముంగట నలుగురు, నడుమ ఐదుగురు, వెనక పట్టినంత మంది, పైన టమాట గంపలు. అయినా ముంగటి సీటుకు కొట్లాటలే. మంచాల నర్సమ్మ అయితే ఆ సీటు మా తాత కట్నమిచ్చిండని గద్దిచ్చి కూసునేది.

ఐలేష్ జీపు ఎక్కేముందు చెప్పులిడిసి సీటు కింద పెట్టేటోడు. స్టీరింగ్ కు చెయ్యి ఆనిచ్చి కండ్లకద్దుకునేటోడు. డ్రైవర్లందరు మొక్కుతరు గని ఈయన చెప్పులిడ్సుడు భక్తి కోసం కాదు. నేను అడిగిన గదా. కాలుకు చెప్పు అడ్డముంటె బండి ఎట్లున్నదో తెల్వదు పెద్దమ్మా అన్నడు.

ఆ జీపుల స్పీడు మీటరు ఎన్నడో చచ్చింది. ముల్లు సున్న మీద పండుకోని ఉండేది. బాగు చేపియ్యరాదా అంటే నవ్వేటోడు. వెనక డోరు టకటక కొట్టుకుంటె ఇంత మీద పోతున్నట్టు, గేరు రాడు అరచేతిల వణికితే ఇంక జర ఎక్కువ, సీటు కింది నుంచి నడుముకు గుద్దుడు మొదలైతే ఇగ కాలు తియ్యాలె. ఆయన ఒక్కనిదే కాదు, మంచాల రూటుల తిరిగిన డ్రైవర్లందరిది గదే లెక్క. మీటరు చూసి నడిపేటోన్ని నిన్న మొన్న నేర్చిండని నవ్వేటోళ్లు.

మా కోడలికి నొప్పులొచ్చిన నాడు ఆ జీపులనే దవాఖానకు తీస్కపోయినం. నేను కోడలి తల ఒళ్లె పెట్టుకోని కూసున్న. గుంత రాకముందే ఐలేష్ నడుము ఒక దిక్కు వంగేది, జీపు గూడ ఆ దిక్కే వంగేది. దవాఖాన వచ్చేదాక నా కోడలు నన్ను గిచ్చింది గని జీపును తిట్టలేదు. అన్నేండ్లల్ల ఆయన ఒక్క కోడిపిల్లను తొక్కిన మాట ఎవరన్న చెప్తే నా పేరు మార్చుకుంట.

ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక జీపు ఖాళీ అయింది. ఎవరిని ఏమనాలె, నేను గూడ బస్సే ఎక్కిన. చౌరస్తల ఐలేష్ జీపు పక్క నుంచి నడిచి పోయి ఎక్కిన. ఆయన చూసి, జల్ది పో పెద్దమ్మా, సీటు దొరుకది అన్నడు. తర్వాత జీపుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాలేదు. తుక్కు దుకాణంల కట్టర్ తోని కోసేదాక ఆడనే నిలబడి, గేరు రాడు ఒక్కటి అడిగి తెచ్చుకున్నడట.

అట్లాంటప్పుడు రఘునందన్ రెడ్డి పిలిచి నౌకరి ఇచ్చిండు. ఆయనది కొంగరకలాన్ దిక్కు ప్లాట్ల దందా. వాళ్ల నాయిన జొన్న ఏసిన చెల్కలల్ల ఇప్పుడు రాళ్లు పాతి అమ్ముతడు. మొదట పాత పెద్ద కారుకు పెట్టుకున్నడు, అది జర ఊగేది, దాని తోని ఏ బాధ లేకుండె. దసరా ముంగట ఎర్ర కారు దిగింది. ఫారిన్ ది, పేరుకు నా నోరు తిరుగది. రెండే సీట్లు. కప్ప కూసున్నట్టు నేలకు ఆని ఉంటది.

నేను చూడకుంట ఉంటనా? దసరా నాడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి గుమ్మడికాయ కొడుతుంటె పోయిన. లోపట కూసున్న గూడ. కూసునుడు అల్కగనే అయింది, లేపనీకె ఇద్దరు పట్టి గుంజిన్రు. నడుపుతుంటె మస్తుగుంటదా బిడ్డా అని రఘునందన్ ను అడిగిన. ఆయన ఓ బటన్ ఒత్తిండు. కారు గుర్రుమన్నది. చూసినవా, గుండె అదురుతది అన్నడు. ఐలేష్ మాత్రం ముంగటికి పోలేదు, వంగి డోరు దిక్కు చెవి పెట్టిండు. ఇంటికొచ్చేటప్పుడు చెప్పిండు, ఆ సప్పుడు సగం ఇంజిన్ ది కాదట, డోర్లల్ల స్పీకర్లు పెట్టి పాట లెక్క సప్పుడు ఇడుస్తరట. నేను నమ్మక మల్ల రఘునందన్ నే అడిగిన. అవ్ పెద్దమ్మా, కంపెనీయే గట్ల పెడ్తది, లేకపోతే అసలు నడుపుతున్నట్టే ఉండదు అన్నడు. ఆయనకు దాంట్ల వింత ఏం కనవడలేదు. నెల తిరగకముందే మోకాళ్లు గుంజుతున్నయని ఆ కారు తీసుడు బంద్ చేసిండు. తాళంచెవి ఐలేష్ చేతికొచ్చింది.

ఇగ జరిగింది ఇది. కార్తీకంల రఘునందన్ బిడ్డ అంకితకు దోస్తు పెండ్లి, పెద్ద అంబర్‌పేట్ కాడ ఫంక్షన్ హాలుల. ఎర్ర కారుల పోయి దిగాలని ఆ పిల్ల ముచ్చట. ఐలేష్ ను తీస్కపొమ్మన్నరు. పట్టపగలు బొంగ్లూర్ కాడ రింగురోడ్డు ఎక్కిన్రు. మిగతాది అంకితనే చెప్పింది. నేను తోడు పెరుగుకు పోయినట్టు పోయి, పెరుగు మర్చిపోయి వచ్చిన.

ఐలేష్ కాక చెప్పులిడిసి సీటు వెనక పెట్టిండట, మొక్కిండట. అంకిత ఫోన్ల పడ్డది. ఆ సప్పుడు బటన్ ఒత్తలేదట, కారు నిలబడ్డట్టే ఉండెనట, కాక గూడ నిమ్మళంగ కూసున్నడట. అంతల కారుల వాళ్ల నాయిన గొంతు వచ్చింది. కారు జోరుగ పోతే ఇంటికాడ ఆయన ఫోన్ మోగుతదట, గట్ల పెట్టుకున్నడు. ఎంత మీద పోతున్నవ్ ర అన్నడు. అరవై మీద ఉంటది సార్ అన్నడు ఐలేష్.

"అరవయా? తాగినవార? మీటరు చూడు."

ఐలేష్ చూసిండు. అంకిత గూడ చూసింది. రెండు వందలు దాటి ఉన్నది. కాక ఎమ్మటే కాలు తీసిండు పెద్దమ్మా అన్నది ఆ పిల్ల. కారు పక్కకు తీసి ఆపి, చెప్పులు సుత ఏస్కోక దిగి, రోడ్డు పక్కన ఇనుప కంచె పట్టుకోని వెనక్కు చూస్కుంట నిలబడ్డడట. లోపట స్పీకర్లల్ల వాళ్ల నాయిన తాగినవార, తాగినవార అనుకుంటనే ఉన్నడు. ఇంకో కారు వచ్చి అంకితను తీస్కపోయింది. పెండ్లిల ఎందుకు ఆలస్యమైందంటె, డ్రైవర్ తాగిండు అన్నది.

వాసన వచ్చిందా అనడిగిన. రాలేదన్నది. తూలిండా అన్న. లేదన్నది. మరి ఎట్ల చెప్పినవే అంటే, డాడీ అన్నడు గదా అన్నది.

ఆ డాడీ దగ్గరికి గూడ పోయిన. తాగలేదని నాకెరుకనే, కోపంల అన్న అన్నడు. మరి నలుగురిల చెప్పరాదా, వాని బడి నౌకరి పోయింది అన్న.

"నేను ఊర్ల ఎవ్వలికి చెప్పలేదు పెద్దమ్మా. చెప్పని మాటను ఎట్ల వాపస్ తీస్కుంట?"

చాయ్ మాత్రం పోపిచ్చిండు. ఐలేష్ ఆ నాడే తాళంచెవి ఇచ్చి నౌకరి ఇడిసిండు, ఎర్ర కారు ఇప్పుడు రఘునందన్ ఆఫీసు ముంగట నిలబడి ఉన్నది. ప్లాట్లు చూడ వచ్చినోళ్లు దానికి ఆనుకోని ఫోటోలు దిగుతున్నరు.

రుజువైంది గదా, ఇగ రాస్తే అయిపోతదనుకున్న. అంతల బస్సుల నర్సమ్మ కలిసింది, ముంగటి సీటుకు కొట్లాడే నర్సమ్మనే. ఇప్పుడామె రింగురోడ్డు నడుమ చెట్ల కాడ గడ్డి కోసే పనికి పోతుంది. పని ఎట్లున్నదే అంటే ఆ రోజు సంగతి చెప్పింది. పెండ్లిళ్ల దినమట. ఆరెంజి అంగీలు తొడుక్కోని అందరు వంగి కోస్తున్నరట. సప్పుడు చెవిల పడకముందే ఎర్రగ ఏదో పక్క నుంచి పోయింది. కొంగు లేసి మొఖం మీద పడ్డది, చేతిల కొడవలి జారి కాలు పక్కన పడ్డది. మస్తు దూరం పోయి ఆ కారు ఆగిందట, ఎవడో దిగి నిలబడ్డడట. మొఖం కనవడలేదట. వాని చేతులిరగ అని కడుపు నిండ తిట్టిన అన్నది. నాకు నోరాగుడు ఎంత కష్టమో మా గల్లీకి ఎరుక. ఆ రోజు ఐలేష్ పేరు చెప్పకుంట ఆగిన.

ఐలేష్ ఇప్పుడు ఓ ప్లాట్ల వెంచర్ల మొక్కలకు నీళ్లు పడుతున్నడు. బస్సుల పోయి బస్సుల వస్తడు, డ్రైవర్ వెనక సీటు ఖాళీ ఉన్నా చివరికి పోయి కూసుంటడు. మహేశ్వరి స్కూటీ ఇస్తే గూడ ముట్టడట. పొద్దుగూకే యాళ్లకు ఆయన కాళ్లు కడుక్కుంటుంటె పోయి మెట్టు మీద కూసున్న. అంకిత చెప్పింది చెప్పిన, రఘునందన్ అన్నది చెప్పిన, నువ్వు తాగలేదని రాస్తున్న అన్న. నర్సమ్మ మాట చెప్పలేదు. చెంబు పక్కకు పెట్టి నా దిక్కు చూసిండు. అప్పుడు అడిగిన, అందరు అంత మోజు పడే కారు గదా, నడుపుతుంటె నీకు ఏమనిపిచ్చింది ర, ఉన్నదున్నట్టు చెప్పు అని.

"ఏమనిపియ్యలేదు పెద్దమ్మా. జీపు అరవై మీద పోతే నా పండ్లు అదిరేది. ఇది రెండు వందల మీద పోతుంటె ఇంట్ల మంచం మీద కూసున్నట్టుండె. దిగి వెనక్కు చూస్తే గడ్డి కోసేటోళ్లు కనవడ్డరు. వాళ్ల పక్క నుంచే వచ్చిన. అండ్ల నర్సక్క గూడ ఉంటది, నాకెరుక. ఒక్కరికి తాకినా గట్లనే కూసోని పోతుంటినేమో. బడికి గూడ మహేశ్వరి పోరుకే పోయిన. నువ్వు తాగలేదని రాస్తవ్, బడోళ్లు పిలుస్తరు. అది గూడ కొత్త బస్సు, అద్దాలన్ని బంద్. అండ్ల పిల్లలను కూసోబెట్టుకున్నంక నా ఒంటికి ఏం తెల్వకపోతే? మీటరు చూసుకుంట నడుపు అంటది మహేశ్వరి. దాని దిక్కు చూస్తే నాకు రోడ్డు కనవడది. తాగిండనే ఉండనియ్యి పెద్దమ్మా. గట్లనన్న నా చేతికి బండి ఇయ్యరు."