కాలువ గట్టు మీద ఉలవ కళ్ళం

నాకు మొండితనం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అననీండి. ఆ మొండితనమే లేకపోతే యాభై రెండేళ్ళ వయసులో నేను మళ్ళీ సైకిలు ఎక్కేదాన్నే కాదు.

మాది నరసన్నపేట. హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి ముఖలింగం గుళ్ళ గురించి పాఠం చెబుతున్నానే గానీ, ఇంటికి ఇరవై కిలోమీటర్ల లోపున్న ఆ గుళ్ళని నేను చూసింది ఒక్కసారి. అదీ శివరాత్రికి, బస్సులో నిలబడి వెళ్ళి, జనం వీపులు చూసి వచ్చేశాను. ఆ సిగ్గుతోనే సైకిలు కొనుక్కున్నాను. ఆదివారం వస్తే చాలు, బస్సులూ ఆటోలూ రాని దారి ఎక్కడుందా అని వెతుక్కునేదాన్ని. ఒక చలికాలమంతా అలా తిరిగాను. సాలిహుండం కొండ ఎక్కి, బౌద్ధుల ఇటుక గోడల పక్కన కూర్చుని, కింద వంశధారని చూస్తూ చద్ది తిన్నాను. విజయనగరంలో చెల్లెలింటికి వెళ్ళినప్పుడు దాని మరిది సైకిలు లాక్కుని రామతీర్థం పోయి వచ్చాను. ఆ రోజుల్లో నేను ఎంత సంతోషంగా ఉన్నానో ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని.

తగలనే తగిలింది. కిందటి వర్షాకాలంలో హైవే పక్క సర్వీసు రోడ్డు మీద వెళ్తుంటే ఒక ఆటో నా హ్యాండిల్‌ని రాసుకుంటూ పోయింది. భుజం దగ్గర ఎముక విరిగింది. రెండు నెలలు చెయ్యి పట్టీలో వేలాడింది. చెయ్యి బాగయ్యేసరికి మా ఆయన సైకిలుని తన ఎరువుల కొట్టు వెనక గదిలో పెట్టి తాళం వేసేశాడు. ఆయన నాకు మేనబావ. చిన్నప్పట్నించీ ఎరిగిన మనిషే కాబట్టి మా మధ్య మొహమాటాలు లేవు.

"ఇంక సాల్లే. ఈ వయసులో నీకు సైకిలేటే? మీ బడి అటెండరుకి ఇచ్చేస్తానని సెప్పేశాను," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా సైకిలు ఇచ్చేయడానికి నువ్వెవరు బావా?" అన్నాను. మూడు రోజులు వంట చేశాను గానీ మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయనే దిగి వచ్చాడు. దిగి వచ్చి పందెం పెట్టాడు. హైవే ఎక్కకూడదు. కాలువ గట్టు మీదుగా ముఖలింగం వెళ్ళి రావాలి. ఎవరి బండీ ఎక్కకుండా నా కాళ్ళతోనే ఒంటి గంటకల్లా ఇంట్లో ఉండాలి. వస్తే సైకిలు నాది. రాకపోతే అదే సాయంత్రం అటెండరు వచ్చి పట్టుకుపోతాడు.

"సరే," అన్నాను. ఒంటి గంటేమిటి, పన్నెండుకే వచ్చి నీ ఎదుట నిలబడతాను అని కూడా అన్నాను. నోరు ఊరుకోదు కదా.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆరింటికి బయల్దేరాను. ఊరు దాటి గట్టెక్కగానే హైవే చప్పుడు వెనకబడింది. మంచు ఇంకా విడలేదు. కాలువలో నీళ్ళు అడుగున ఉన్నాయి. వరి కోసేసిన మళ్ళలో మినుమూ పెసరా ఆకుపచ్చగా ఉన్నాయి. గట్టు దారి కొంత మట్టి, కొంత కంకర, ఊళ్ళు దగ్గరపడిన చోట కాస్త తారు. మొదటి గంటలో నాకు ఎదురొచ్చినవి రెండు సైకిళ్ళూ ఒక పాలవేనూ. భుజం సలుపుతూనే ఉంది. సలిపితే సలిపింది, కాళ్ళు బాగానే ఉన్నాయి కదా అనుకున్నాను.

ముఖలింగంలో ఆ పొద్దున జనం లేరు. పెద్ద గుడిలో దణ్ణం పెట్టుకుని, రాతి గోడల చుట్టూ తీరిగ్గా తిరిగాను. తరవాత సోమేశ్వరుడి గుడికి వెళ్ళాను. పాఠంలో నేను 'శిల్పకళ అద్భుతం' అని ఒక ముక్కలో తేల్చేసే గోడ అది. దాని ముందు నిలబడితే నాకు ఏడుపొచ్చింది. ఎవరో మనిషి ఒక తలుపు చట్రం మీది తీగకి ఆకు ఆకునా ఈనెలు చెక్కి వెళ్ళిపోయాడు. నేను ఇరవయ్యేళ్ళు ఆ ఈనెలు చూడకుండానే మార్కులు వేశాను. పిల్లల్ని ఇక్కడికి తీసుకురావాలి, అదీ సైకిళ్ళ మీదే తీసుకురావాలి అని అక్కడే అనుకున్నాను. అలా అనుకున్నాక పందెం ఇంకా పెద్దదైపోయింది.

పదిన్నరకి తిరుగు ప్రయాణం పెట్టాను. చేతిలో బోలెడంత టైముంది. సగం దూరం వచ్చాక, తారు వేసిన చోట, దారికి అడ్డంగా, పొద్దున వెళ్ళేటప్పుడు లేని పంట ఏదో పరిచి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరికి పాతిక గజాలు ఉంటుంది. గింజ కాలి కింద పడితే తీసి కళ్ళకద్దుకోవాలని మా అమ్మ నేర్పింది. రోడ్డు మీద వడ్లు ఆరబోస్తే పక్కనించి నడిచి వెళ్ళడం నాకు అలవాటు. ఇక్కడ పక్కన చోటు లేదు, అటు కాలువ, ఇటు పల్లం. ఏం చేస్తాను? సైకిలుని ఎత్తి బాగున్న భుజాన వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, అంచు మీద మునివేళ్ళతో నడుస్తూ దాటాను. ఆ చివరికి చేరేసరికి ఒళ్ళంతా చెమట.

అప్పుడు తాటాకు పందిరి కింద నించి ఒక ముసలావిడ లేచింది. "ఓలమ్మో! ఏటమ్మా ఆ పని? సైకిలు నువ్వు మోసీసి ఎల్తన్నావేటి? ఉలవలవి! తొక్కుతారనే రోడ్డు మీద ఏసినాను. దాన్ని ఎత్తుకుని దాటీసినావు!"

నాకు తల కొట్టేసినట్టయింది. సోషల్ టీచర్ని, ఇక్కడే పుట్టినదాన్ని. వడ్లు ఆరబోస్తే పక్కకి తప్పుకోవాలనీ, ఉలవ మొక్క పరిస్తే మీద నించి పోవాలనీ నాకు తెలియకపోవడమేమిటి! ఎద్దులున్న రోజుల్లో కళ్ళంలో తొక్కించేవారట. ఆవిడ ఎద్దుల్ని అమ్మేసి నాలుగేళ్ళయింది.

"రోడ్డు మీద ఏస్తే లారీలు ఒక పూటలో నూర్సీసీవి. ఇప్పుడు హైవే మీద ఏయనివ్వరు. ఇక్కడేటొస్తాది? ఏసినకాడ్నించీ పాలవేను ఒకటే ఎల్లింది," అంది.

బండ్లు రాని దారి దొరికిందని నేను పొద్దున్నించీ మురిసిపోతున్నాను. అదే దారిలో ఆవిడ బండి కోసం కాచుక్కూర్చుంది. ఆ మాట అనుకుంటే నాకు చాలా సిగ్గేసింది.

"ఉండు మామ్మా," అని సంచీ పందిట్లో పెట్టి సైకిలెక్కాను. రెండు విడతలు తిరిగి పోదామనుకున్నాను. ఎండిన ఉలవ మీద చక్రం జారుతుంది, పట్టు దొరకదు. ఒకసారి పడ్డాను కూడా. ముసలావిడ పకపకా నవ్వింది. "నీ బరువుకి కాయ పగల్దు గానీ నీ నడుం ఇరుగుతాది. సాల్లే, ఎలిపో!" ఎలిపో అంటే వెళ్ళిపోయే మనిషినైతే ఇంత కథ ఎందుకు? చక్రాల్లో గాలి కాస్త తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి కాయలు చిటపటమన్నాయి. ఆవిడ పంగలకర్రతో మొక్కలు తిరగేస్తోంది, నేను తొక్కుతున్నాను. కింద గింజ రాలడం కనబడ్డాక ఆగబుద్ధి కాలేదు. ఫోను సంచీలో ఉంది. టైము సంగతి మరిచేపోయాను.

కారు హారను వినబడి తలెత్తాను. మా బావ. ఉలవలకి అవతలే కారాపి, తలుపు వేయకుండానే పరిగెత్తుకొచ్చాడు.

"ఒంటి గంట నలభై! ఫోనెందుకెత్తవే? పదకొండుసార్లు సేశాను! పందెం ఓడిపోనావు. సైకిలు డిక్కీలో ఎయ్యి, కారెక్కు!"

"ఓడిపోయాను," అన్నాను. "సైకిలు ఇవ్వను. కారెక్కను."

"మాట తప్పుతావా?"

"తప్పుతాను. నా సైకిలు మీద నువ్వు పందెం పెట్టడం తప్పు, నేను ఒప్పుకోవడం ఇంకా పెద్ద తప్పు. ఇదింక ఎవరికీ ఇవ్వను, ఏం చేసుకుంటావో చేసుకో."

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గట్టు మీద కూలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఆ రోజు నీ ఫోన్లోంచి ఎవడో మగమనిషి మాట్లాడాడే," అన్నాడు. "'ఈ ఫోను గలావిడ రోడ్డు మీద పడిపోయింది' అన్నాడు. బతికున్నావో లేదో సెప్పకుండా పెట్టేశాడు. అప్పట్నించీ నీ నంబరు నించి ఫోనొస్తే ఎత్తాలంటే నాకు సేతులాడవు. నేను సేస్తే నువ్వు ఎత్తకపోతే ఇదిగో, ఇలా సస్తాను."

ఇన్నాళ్ళూ ఆయనది పెత్తనం అనుకున్నాను. భయం అని ఒక్కసారి కూడా తోచలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. కళ్ళనీళ్ళు ఆగలేదు. అయినా సైకిలు వదులుకోబుద్ధి కాలేదు, ఆ సంగతీ చెప్పేశాను. "నీకు భయం పోదు బావా. నాకు ఇది మానడం అవదు. ఊరూరా ఆగి నేనే ఫోను చేస్తాను. నా గొంతే వినబడుతుంది నీకు."

ఆయన జవాబు చెప్పేలోపు ముసలావిడ మధ్యలోకొచ్చింది. "బాబూ, మీ తగువు తరవాత సూసుకుందురు గాని, ముందా కారు ఓపాలి ఇలా ఎక్కించీ!" మా బావకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తరవాత లేచి కారెక్కాడు. ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు తిప్పాడో లెక్కలేదు. నేను గంటన్నర తొక్కినది ఆయన పావుగంటలో నూర్చేశాడు. ఆవిడ దోసెడు ఉలవలు నా కొంగులో పోసింది.

మా బావ కారు తిప్పి నా వెనకాలే నెమ్మదిగా రాబోయాడు. ఆగి, వెళ్ళిపొమ్మన్నాను. సైకిలు కోసం డిక్కీ తెరవలేదు. గాలి పంపు కారులోంచి తీసిచ్చి ముందుకి పోయాడు. చక్రాలకి గాలి కొట్టుకుని బయల్దేరాను.

మొదటి ఊరు రాగానే సైకిలు దిగి ఫోను చేశాను. ఒక్క రింగు పూర్తి కాలేదు, ఎత్తాడు. ఎత్తాడు గానీ మాట్లాడలేదు, ఊపిరి మాత్రం వినబడుతోంది.

"నేనే," అన్నాను.

"ఊఁ," అన్నాడు. "తొక్కు."