గౌలిపుర నుంచి ఆదిలాబాద్‌కి: వ్యాన్‌లో హీటర్, ఒళ్లో పసివాడు

చలికాలంలో పసిబిడ్డతో దూరప్రయాణం ఉంది, బండిలో హీటర్ పెట్టించుకుంటే ఎలా ఉంటుందని ఈమధ్య ఒకరిద్దరు నన్నడిగారు. నేనూ ఒకసారి అలా బయలుదేరినదాన్నే. డెబ్బైల చివరి మాట. తొలికాన్పు పట్నంలో, పాతబస్తీ గౌలిపురలోని అమ్మగారింట్లో అయింది. బాబుకి మూడో నెల రాగానే మా ఆయన ఆదిలాబాద్ నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు. పాపం, కొడుకుని ఒక్కసారే చూశాడు. కానీ అది డిసెంబరు. ఆదిలాబాద్ చలి పేరెత్తితేనే అమ్మ వణికేది. బస్సు వద్దంటే వద్దంది.

మా గల్లీలో పాల క్యాన్లు మోసే వ్యాన్ యూసుఫ్ భాయ్‌ది. ఏ విదేశీయుల బండిలోంచి ఊడదీసిందో, పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్‌లో ఒక కిరోసిన్ హీటర్ కొన్నాడు. సీటు కింద బిగించి, పొగ పోవడానికి బండి పక్కనుంచి ఒక పైపు బయటికి తీశాడు. "కశ్మీర్ దాంక పోవచ్చు బేటీ, ఫికర్ చెయ్యకు" అన్నాడు. డీజిలు మాది, కిరాయి ఆయన ఎంతంటే అంత. పొద్దున్నే కదిలితే మేడ్చల్, కామారెడ్డి, నిర్మల్ మీదుగా చీకటి పడేలోపు చేరిపోతామని లెక్క.

బాలింతకు గాలి సోకకూడదని అమ్మ తెల్లారకముందే బండి చుట్టూ తిరిగి, సందు కనబడ్డ చోటల్లా పాత చీర పీలికలు కుక్కింది. నా చెవుల్లో దూది సరే, ఆఖరికి బండి చెవుల్లో కూడా పెట్టింది! బాబుకి సాంబ్రాణి పొగ వేసి, గడప దాటి, సామాను ఎక్కించేసరికి వర్జ్యం రానే వచ్చింది. ఇక బండి కదలకూడదు, గడప దాటినవాళ్లం మళ్లీ ఇంట్లోకీ పోకూడదు.

"వర్జ్యం పొయ్యేదాంక బండ్లనే కూసుందం బిడ్డా. అద్దాలు మూసుకుంటె వెచ్చగుంటది" అంది అమ్మ.

"సరే అమ్మా, గప్పటిదాంక నేను చాయ్ తాగొస్త" అని యూసుఫ్ భాయ్ హీటర్ వెలిగించి, తలుపు వేసి, గల్లీ మూల హోటల్‌కి పోయాడు.

నిజం చెప్పొద్దూ, మొదట్లో మహా హాయిగా ఉంది. లోపలంతా సాంబ్రాణి వాసన. కాసేపటికి తల దిమ్మెక్కి నొప్పి మొదలైంది. రాత్రి నిద్ర లేదు కదా, అందుకే అనుకున్నాను. అమ్మ అప్పటికే కునికిపాట్లు పడుతోంది. బాబుకి పాల వేళయింది. ఆకలేస్తే గల్లీ మొత్తం లేచేలా ఏడ్చే పిల్లాడు, రొమ్ము అందిస్తే పట్టుకోలేదు. బుగ్గ గిల్లాను. కదల్లేదు. చెయ్యెత్తి వదిలితే అలాగే వాలిపోయింది.

"అమ్మా! తలుపు తియ్యే!"

"ఇంకా వర్జ్యం పోలేదు బిడ్డా..."

"వర్జ్యం పాడుగాను! నా కొడుకు కండ్లు తెరుస్తలేడు!"

తలుపు నేనే తోసుకుని దిగాను. కాళ్లు నిలబడనివ్వలేదు, బాబుతో సహా నేల మీద కూలబడ్డాను. నా వెనకే అమ్మ తూలుకుంటూ దిగింది. యూసుఫ్ భాయ్ పరుగెత్తుకొచ్చి తలుపులన్నీ బార్లా తెరిచి, హీటర్ ఆపి, బయట పైపు చూశాడు.

"యా అల్లా! దీన్ల బట్ట ఎవరు పెట్టిన్రు?"

"గాలొస్తదని నేనే..." అంది అమ్మ.

నేను బాబుని చలిగాలికి ఎత్తి పట్టుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. ముందు చిన్నగా ఎగశ్వాస. తర్వాత ఒక మూలుగు. ఆ పైన అందుకున్నాడు చూడండి! ఏడుపు అంత తియ్యగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. గాలి సోకుతుందని అన్ని సందులూ మూసిన మా అమ్మే, కొంగుతో వాడికి గబగబా విసురుతూ "ఏడ్వు నాయనా, ఇంకా గట్టిగ ఏడ్వు" అని తానూ ఏడ్చింది.

అలాగే తలుపులు తెరుచుకుని నయాపుల్ వంతెన దాటి పెద్ద దవాఖానకు పోయాం. డాక్టరమ్మ బాబుకి ఆక్సిజన్ పెట్టి, సాయంత్రం దాకా ముగ్గురినీ కనిపెట్టి చూసింది. పొగ పోయే దారి మూసుకుంటే అది లోపలే తిరిగి మనిషిని నిద్రపుచ్చినట్టే చంపుతుందట. అందులోని అసలు విషానికి వాసనే లేదట. "టైముకు దిగినవమ్మా. ఇగ భయం లేదు, ఇంటికి తీస్కపో" అంది. ఆ మాటకు నేను ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు.

మర్నాడు హీటర్ పీకేసి, దుప్పట్లు రెండింతలు చేసుకుని బయలుదేరాం. పిల్లాడు కామారెడ్డి దాకా గుక్క పట్టి ఏడ్చాడు. బండిలో ముగ్గురం పెద్దవాళ్లం ఉన్నాం, ఒక్కరం కూడా ఊరుకోమనలేదు.

అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు తనని తాను తిట్టుకుంది. ఆమె ఏం చేస్తుంది, ఆ పైపు దేనికో ఆమెకి ఎవరం చెప్పాం? హీటర్ బిగించిన మనిషి బండి ఎక్కే ప్రతి ఒక్కరికీ ఆ మాట చెప్పి తీరాలి. మీరు పెట్టించుకుంటే పొగ పైపు పూర్తిగా బండి బయటికి పోవాలి, వెలిగించే ముందు దాన్ని కళ్లారా చూసుకోవాలి, ఆగిన బండిలో అద్దాలు మూసుకుని కూర్చోకూడదు. ఒకవేళ లోపల తలనొప్పి మొదలైతే ఎందుకొచ్చిందని ఆలోచిస్తూ కూర్చోకండి. ముందు తలుపు తీసి, పిల్లల్ని తీసుకుని దిగండి.